నొప్పి పదికి ఎన్ని?

నడుం నొప్పితో మొదటిసారి వెళ్ళినప్పుడు ఫిజియోథెరపిస్టు అడిగిన ప్రశ్నకి భలే చిరాకేసింది. "నొప్పి పదికి ఎన్నండీ?" అన్నాడు ఆ కుర్రాడు. అసలు నొప్పే లేకపోతే సున్నా, ఇక నా వల్ల కాదనిపిస్తే పది. కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ బల్లకి ఆనించి, పళ్ళు బిగబట్టి లేస్తున్నవాణ్ణి పట్టుకుని మార్కులు వేయమంటే ఏం వేస్తాడు? ఏడు అన్నాను. "రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాయండి. ఆ రోజు ఏం చేశారో, ఏం మందు వాడారో కూడా పక్కన రాయండి" అన్నాడు. ఇంటికొచ్చి, మా అబ్బాయి సగం రాసి పడేసిన నోటుపుస్తకం వెనక పేజీల్లో మొదలుపెట్టాను. పద్నాలుగు నెలలు రాశాను. ఆ కుర్రాడు చెప్పిన వ్యాయామాలు మాత్రం మొదటి పది నెలలు చేయలేదు. చేస్తే నొప్పి పుట్టేది మరి.

నడుం పట్టేసిన తీరు చెప్పుకోవడానికి కూడా సిగ్గే. పెద్ద బరువేమీ ఎత్తలేదు. కింద పడ్డ పెన్ను తీయబోయి సగంలో ఆగిపోయాను. అంతే. రెండు వారాలకీ తగ్గకపోతే డాక్టరుగారి దగ్గరికెళ్ళాను. మూత్రం మీద అదుపు తప్పుతోందా, తొడల మధ్య మొద్దుబారినట్టుందా, కాలు బలం తగ్గిందా, జ్వరం గానీ, కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉందా అని వరసగా అడిగారు. అన్నిటికీ లేదన్నాను. "అయితే భయం లేదు, కదులుతూ ఉండండి, నెలా నెలన్నరలో చాలామందికి తగ్గుతుంది" అన్నారు. అంత తేలిగ్గా తేల్చేస్తే మనకి నచ్చుతుందా? పట్టుబట్టి ఎమ్మారై తీయించుకున్నాను.

తీయించుకోకుండా ఉంటే బాగుండేది. రిపోర్టులో నాలుగో పూస, ఐదో పూస మధ్య డిస్కు ఉబ్బిందనీ, అరిగిందనీ రాసి ఉంది. ఆ రాత్రి నా పుస్తకంలో మార్కు తొమ్మిది. ముందు రోజు రాత్రి ఐదు. ఒక్క రోజులో డిస్కుకి కొత్తగా ఏమీ కాలేదు, నేను చదివింది ఒక కాగితం, అంతే. చాలా రోజుల తర్వాత తెలిసింది. ఏ నొప్పీ లేని మూడు వేల పైచిలుకు మంది స్కాన్లని కలిపి లెక్కేసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. నొప్పి లేని ఇరవై ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగి ఉన్నాయట, 30 శాతం మందికి ఉబ్బి ఉన్నాయట. ఎనభై ఏళ్ళ వాళ్ళలో అరుగుదల 96 శాతం మందికి. అంటే తల నెరిసినట్టే ఇదీను. తలనొప్పి వచ్చినవాడి తలలో తెల్ల వెంట్రుక చూపించి "ఇదిగో నీ నొప్పికి కారణం" అంటే ఎలా ఉంటుందో, చాలాసార్లు నడుం స్కాను అలాగే ఉంటుంది. ఇది తెలియక నేను నడుం విరిగినవాడిలా నడవడం మొదలుపెట్టాను. వంగడం మానేశాను. సాక్సులు మా ఆవిడ తొడిగేది.

నడుం నొప్పి అని నోరు జారితే చాలు, ఎదుటి మనిషి వైద్యుడైపోతాడు. మా అక్కయ్య హోమియో అంది. ఆఫీసులో ఒకాయన ఆక్యుపంక్చర్ సూదులన్నాడు. మా బావ ఏకంగా అయస్కాంతాల బెల్టు కొనిచ్చేశాడు. నడుం చుట్టూ తిరిగే వెడల్పాటి పట్టీ, లోపల చిన్న చిన్న జేబుల్లో ఎనిమిది నల్లటి బిళ్ళలు. "రక్తంలో ఇనుముంటుంది కదా, అయస్కాంతం దాన్ని లాగుతుంది, రక్తం బాగా ఆడుతుంది, నొప్పి పోతుంది" అన్నాడు బావ. విన్నప్పుడు సబబుగానే తోచింది. పెట్టుకున్న నాలుగో రోజుకి ఎనిమిది కాస్తా నాలుగైంది. ఆనందం పట్టలేక ఆఫీసులో ముగ్గురికి సిఫారసు చేశాను కూడా.

తర్వాత నెలకి బెల్టు నడుముకి ఉండగానే నొప్పి మళ్ళీ ఏడుకి ఎక్కింది. అప్పుడు నొప్పి పట్టీలు. అవి నాలుగు రోజులు బాగా పనిచేసినట్టనిపించి, తర్వాత తేలిపోయాయి. తర్వాత ఒక నూనె. తర్వాత హోమియో.

హోమియో గురించి ఎక్కువ చెప్పను. మందుని వందో వంతుకి పలచన చేయడం, అందులో ఒక వంతు తీసి మళ్ళీ వందో వంతుకి, ఇలా ముప్పైసార్లు చేస్తే అది ముప్పై సి. అంటే ఒకటి పక్కన అరవై సున్నాలు పెడితే వచ్చే సంఖ్యతో భాగించినట్టు. కాలేజీలో చదివిన అవొగాడ్రో సంఖ్య ఆరు పక్కన ఇరవై మూడు సున్నాలు. పన్నెండోసారి పలచన చేసేసరికే మొదటి పదార్థపు అణువు ఒక్కటి మిగలడం గగనం. మిగతా పద్దెనిమిదిసార్లూ ఏం పలచన చేస్తున్నట్టు? ఈ లెక్క నాకు అప్పుడూ వచ్చు. ఇంటర్లో కెమిస్ట్రీలో మంచి మార్కులే. అయినా రెండు నెలలు ఆ తియ్యటి గుళికలు చప్పరించాను. నొప్పి మనిషి లెక్కలు చేయడు. మూడో వారంలో తగ్గింది. ఆరో వారంలో మళ్ళీ వచ్చింది. "మొదట కాస్త ఎక్కువై తర్వాత తగ్గుతుంది" అన్నారు. తగ్గితే మందు పనిచేసినట్టు, పెరిగితే కూడా మందు పనిచేసినట్టేనట. ఇక మందు ఓడిపోయేదెప్పుడని అడగాలని తోచలేదు.

సూదుల దగ్గర మాత్రం నా అనుభవం వేరు. అక్కడికి వెళ్ళడం నాకు నిజంగా ఇష్టంగా ఉండేది. ఆవిడ మొదటి రోజు ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడింది. నిద్ర పడుతోందా, ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, ఆఫీసులో టెన్షన్ ఎక్కువా అని అడిగింది. అప్పటిదాకా నా నడుం గురించి అంతసేపు విన్నవాళ్ళు లేరు, ఇంట్లోవాళ్ళతో సహా. చీకటి గది, మెత్తటి మంచం, సన్నటి సూదులు, ఇరవై నిమిషాల మౌనం. లేచేసరికి మార్కు రెండో మూడో తగ్గి ఉండేది. మర్నాటికి మామూలే.

ఇక్కడ జర్మనీ వాళ్ళ పరీక్ష ఒకటి చెప్పాలి. 2007లో దాని ఫలితాలు వచ్చాయి. ఏళ్ళ తరబడి నడుం నొప్పి ఉన్న 1,162 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి ఆక్యుపంక్చర్ శాస్త్రం చెప్పిన బిందువుల్లో సూదులు గుచ్చారు. రెండో జట్టుకి ఆ బిందువులు కాని చోట, పైపైన గుచ్చారు. తమకి ఏ రకం గుచ్చుతున్నారో ఆ రెండు జట్లకీ తెలియదు. మూడో జట్టుకి మందులు, వ్యాయామం లాంటి మామూలు వైద్యం. ఆరు నెలలకి గుణం కనిపించినవాళ్ళు మొదటి జట్టులో 47.6 శాతం, రెండో జట్టులో 44.2, మూడో జట్టులో 27.4. సూదులంటే నమ్మకం ఉన్నవాళ్ళు మొదటి అంకెనీ మూడో అంకెనీ పక్కపక్కన పెట్టి చూపిస్తారు. నమ్మనివాళ్ళు మొదటిదీ రెండోదీ చూపిస్తారు. నాకు మూడూ ముఖ్యమే. సూది ఎక్కడ గుచ్చినా దాదాపు ఒకటే అయితే బిందువులూ నాడీమార్గాలూ అంటూ గోడకి వేలాడదీసిన ఆ పటంతో పనిలేదు. కానీ ఉత్తుత్తి సూదులకి కూడా అంతమందికి గుణం కనిపించిందంటే ఆ గదిలో, ఆ శ్రద్ధలో, ఆ ఎదురుచూపులో ఏదో ఉంది. మూడో జట్టు వాళ్ళకి తమకి సూదులు దక్కలేదని తెలుసు కదా, ఆ నిరుత్సాహం కూడా ఆ 27లో ఎంతో కొంత ఉండే ఉంటుంది.

"అంతా నీ భ్రమ" అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. 1978లో పన్ను పీకించుకున్నవాళ్ళ మీద చేసిన ఒక పరీక్షలో, ఉత్తుత్తి మందుకి నొప్పి తగ్గినవాళ్ళకి నలోక్సోన్ ఇస్తే నొప్పి మళ్ళీ పెరిగింది. నలోక్సోన్ మార్ఫిన్ లాంటి మందుల పనికి అడ్డుపడుతుంది. అంటే ఆ ఉపశమనం వెనక ఒంట్లోనే తయారయ్యే మార్ఫిన్ లాంటి పదార్థాల హస్తం ఉందన్నమాట. ఉపశమనం అబద్ధం కాదు. దానికి చెప్పే కారణమే అబద్ధం కావచ్చు. సూదుల గదిలోంచి బయటికొచ్చేటప్పుడు నాకు నొప్పి నిజంగానే తక్కువగా ఉండేది. సూదులవాళ్ళు చెప్పే శక్తి ప్రవాహంలో అడ్డంకి తొలగినందుకు కాదు, అంతే తేడా.

ఎనిమిదో నెలలో మాత్రం అసలైన మందు దొరికింది.

ఆ మాత్రల సంగతి ఎవరు చెప్పారో, ఎవరిచ్చారో ఇక్కడ అనవసరం. లేబుల్ లేని ప్లాస్టిక్ డబ్బా, లోపల గోధుమరంగు పొడి నింపిన గొట్టాల్లాంటి మాత్రలు. "అంతా మూలికలే, ఏ హానీ లేదు, ఇంగ్లీషు మందుల్లాగా కడుపులో మంట ఉండదు" అన్నాడాయన. మొదటి మాత్ర వేసుకున్న రోజు మార్కు ఎనిమిది. మర్నాడు నాలుగు. మూడో రోజు ఒకటి. తర్వాత పుస్తకంలో వరసగా సున్నాలు. మిగతా వైద్యాలన్నిటికీ నొప్పి మెట్లు దిగినట్టు దిగితే, దీనికి బావిలో రాయి పడ్డట్టు పడింది. పేజీ నిండా సున్నాలు చూసుకుని మురిసిపోయాను. మెట్లు ఎక్కాను, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, సాక్సులు నేనే తొడుక్కున్నాను. ఆకలి దంచేసింది. నిద్ర మాత్రం తగ్గింది. రాత్రి రెండింటికి లేచి అలమారా సర్దేవాణ్ణి. మా అమ్మ చూసి "మొహం నిండుగా ఉందిరా, ఒళ్ళు చేశావు" అని సంతోషించింది. మొహం నిజంగానే గుండ్రంగా అయింది. అద్దంలో చెంపలు పక్కింటివాళ్ళవిలా ఉన్నాయి.

రెండు నెలల తర్వాత ఆఫీసు వాళ్ళు చేయించే ఏడాది పరీక్షల్లో షుగరు పరగడుపున 148 వచ్చింది, బీపీ కూడా ఎక్కువే. ఎప్పుడూ లేనివి. డాక్టరుగారు రిపోర్టు చూడకముందే నా మొహం చూశారు.

"ఏం మాత్రలు వాడుతున్నారు?"

"మాత్రలేం లేవండీ. మూలికలే."

"మూలికలకి నొప్పి ఎన్ని రోజుల్లో తగ్గింది?"

"రెండు రోజుల్లో" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఒక రోజు వేసుకోకపోతే ఏమవుతోంది?" అని అడిగారు. ఒకసారి ఊరెళ్తూ డబ్బా మర్చిపోయాను, మూడు రోజులు ఒళ్ళంతా నొప్పులు, నీరసం, వాంతొచ్చినట్టు ఉండటం అన్నీ చెప్పాను. పొద్దున్నే ఎనిమిదింటికి రక్తం తీసి కార్టిజాల్ పరీక్ష చేయించారు. అది మన ఒంట్లో అడ్రినల్ గ్రంథులు తయారుచేసే స్టెరాయిడ్. పొద్దుటిపూట బాగా ఉండాలి. నాకు అడుగంటింది. బయటినుంచి స్టెరాయిడ్ అందుతుంటే గ్రంథులు మనకెందుకులే అని పని మానేస్తాయి. నేను ఏ డాక్టరు దగ్గరా స్టెరాయిడ్ తీసుకోలేదు. మరి ఎక్కడినుంచి వచ్చినట్టు? మాత్రల్ని ల్యాబుకి పంపలేదు కాబట్టి అందులో ఫలానాది ఇంత ఉందని నేను చెప్పలేను. కానీ మొహం, షుగరు, కార్టిజాల్ మూడూ ఒకే వైపు వేలు చూపిస్తుంటే ఇంకేమనుకోవాలి? 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కీళ్ళ నొప్పులకని అమ్ముతున్న కొన్ని "సహజ" ఉత్పత్తుల్ని పరీక్షిస్తే లేబుల్ మీద లేని డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్ బయటపడ్డాయి. మొదటిది నొప్పి మాత్ర, రెండోది బలమైన స్టెరాయిడ్. ఇంగ్లీషు మందులొద్దని పారిపోయి, మోతాదు తెలియని ఇంగ్లీషు మందు మింగడం అన్నమాట.

అక్కడే డాక్టరుగారు ఒక మాట గట్టిగా చెప్పారు. భయపడి ఆ డబ్బా ఈరోజే చెత్తబుట్టలో పడేయవద్దన్నారు. గ్రంథులు నిద్రలో ఉండగా బయటి స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చట. తెలియని మాత్రకి బదులు తెలిసిన స్టెరాయిడ్ తెలిసిన మోతాదులో రాసిచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు. ఆ వారాలు నా పుస్తకంలో అన్నిటికంటే దరిద్రమైన పేజీలు. ఏడు, ఏడు, ఎనిమిది, ఏడు. ఒక చోట మార్కు బదులు "ఎందుకు రాయాలి" అని రాసుంది.

ఈ మాయ కొత్తదేమీ కాదని తర్వాత తెలిసింది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్ళవాతంతో మంచం దిగలేని ఒక యువతికి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకి, మరో ఇద్దరికి కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వెనకే మొహాలు ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, చక్కెర పెరగడం బయటపడ్డాయి. అయితే అక్కడ ఏమిచ్చారో, ఎంతిచ్చారో రాసి ఉంది. అందుకే ఏం తేడా వచ్చిందో పట్టుకోగలిగారు. నా డబ్బా మీద ఏమీ రాసి లేదు.

ఆ వారాల్లోనే, నిద్రపట్టని ఒక రాత్రి, పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేశాను. ఎర్ర పెన్నుతో ఒక్కో కొత్త వైద్యం మొదలుపెట్టిన రోజు చుట్టూ సున్నా చుట్టాను. బెల్టు, పట్టీలు, నూనె, హోమియో, సూదులు, మధ్యలో ఒకసారి వీపు మీద కప్పులు పెట్టించుకున్నాను అది, చివర మాత్రలు. ఏడు. ఆ ఏడు రోజుల మార్కులు: ఎనిమిది, ఏడు, ఏడు, ఏడు, ఎనిమిది, ఏడు, ఎనిమిది. మొత్తం పుస్తకం సగటు నాలుగున్నర లోపు.

కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. మూడు మార్కుల నొప్పి ఉన్న రోజు నేను ఏ వైద్యుడి దగ్గరికీ వెళ్ళలేదు. ఎందుకెళ్తాను? ఎనిమిదికి ఎక్కినప్పుడే పరిగెత్తాను. ఎనిమిదికి ఎక్కిన నొప్పి ఎలాగూ కొన్నాళ్ళకి నాలుగుకి దిగుతుంది. వైద్యాలు లేని నెలల్లోనూ అలాగే దిగింది, పుస్తకంలో ఉంది. దిగేటప్పుడు నడుముకి ఏది కట్టి ఉంటే దానికి పేరు. అల ఎక్కినప్పుడల్లా గట్టున కొత్త జెండా పాతి, అల వెనక్కి పోగానే జెండా మహిమ అన్నట్టు. దీనికో పేరుంది, సగటు వైపు తిరోగమనం. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త తల్లిదండ్రుల ఎత్తులూ పిల్లల ఎత్తులూ కొలుస్తూ పట్టుకున్న సంగతి. మరీ పొడుగువాళ్ళ పిల్లలు సాధారణంగా అంత పొడుగు ఉండరు, సగటుకి కాస్త దగ్గరగా వస్తారు. నొప్పికి కూడా అదే లెక్క. మరీ చెడ్డ రోజు తర్వాత వచ్చేది మామూలుగా అంత చెడ్డ రోజు కాదు. మాత్రలు ఒక్కటే ఈ లెక్కకి లొంగలేదు. ఎనిమిది నుంచి సున్నాకి పడి అక్కడే ఉండిపోవడం అల దిగడం కాదు. ఆ పేజీ చూసి మురిసిపోవాల్సింది కాదు, ఉలిక్కిపడాల్సింది.

స్టెరాయిడ్ పూర్తిగా ఆగాక, నొప్పి నాలుగు దగ్గర నిలబడ్డాక, బావ ఫోను చేశాడు. "బెల్టు మానేసి తప్పు చేశావు బావా, అది పెట్టుకుని ఉంటే ఈ గొడవంతా ఉండేదా" అన్నాడు. నాకు కాస్త మొండితనం ఎక్కువ. సరే, తేల్చేద్దాం అనుకున్నాను. ఈ ఆలోచన నాది కాదు. 1796లో ఎలీషా పెర్కిన్స్ అనే అమెరికా డాక్టరు రెండు లోహపు కడ్డీలకి పేటెంటు తీసుకున్నాడు. నొప్పి ఉన్నచోట వాటితో నిమిరితే నొప్పి లాగేస్తుందని. అట్లాంటిక్ దాటి అమ్ముడుపోయాయి. 1799లో ఇంగ్లండులోని బాత్ నగరంలో జాన్ హేగార్త్ అనే డాక్టరు చెక్కతో అలాంటివే చేయించి, లోహంలా రంగేయించి, ఐదుగురు రోగుల మీద వాడాడు. నలుగురు నొప్పి తగ్గిందన్నారు. మర్నాడు అసలు లోహపువి వాడితే ఫలితం దాదాపు అంతే. పెర్కిన్స్ మోసగాడేమీ కాదు పాపం. తన సొంత మందు మీద నమ్మకంతో న్యూయార్క్‌లో పచ్చజ్వరం రోగులకి వైద్యం చేయబోయి, ఆ జ్వరంతోనే అదే 1799లో పోయాడు. నమ్మి చెప్పేవాడు అబద్ధాలు చెప్పేవాడికంటే ఎక్కువమందిని ఒప్పిస్తాడు. మా బావలాగా.

మా ఇంట్లో చెక్కకి బదులు ఇనప వాషర్లు. బిళ్ళంత సైజువి ఎనిమిది జతలు తెచ్చాను, రెండేసి కలిపితే బరువు సరిపోయింది. రోజూ పొద్దున నేను స్నానానికి వెళ్ళగానే మా ఆవిడ నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే బెల్టులో అయస్కాంతాలు, బొరుసు పడితే వాషర్లు. ఏది పెట్టిందో తన పుస్తకంలో రాసుకోవాలి, నాకు చెప్పకూడదు. నేను జేబులో తాళంచెవులు పెట్టుకోకూడదు, బెల్టు చేత్తో తడమకూడదు.

"బెల్టు కుర్చీ మీద పెట్టి నువ్వు లోపలికెళ్ళిపో. నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది" అన్నాను.

"ఇరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారుగా నా మొహం. ఎప్పుడేం తెలిసిందండీ?" అంది.

ఇరవై నాలుగు రోజులు సాగింది. రాత్రి మార్కుతో పాటు ఈరోజు అయస్కాంతమా, ఇనుమా అని నా ఊహ కూడా రాశాను. చివరి రోజు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాం. అయస్కాంతం పదకొండు రోజులు, సగటు 4.2. వాషర్లు పదమూడు రోజులు, సగటు 4.1. నా ఊహ సరైనది పదమూడుసార్లు. నాణెం వేసి ఊహించినా అంతే వచ్చేది. అన్నిటికంటే నవ్వొచ్చింది ఒక మంగళవారం పేజీ. "ఈరోజు కచ్చితంగా అయస్కాంతమే, నడుంలో వెచ్చదనం తెలుస్తోంది" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. వాషర్లు.

ఒక్క మనిషి, ఇరవై నాలుగు రోజులు, శాస్త్రమని చెప్పుకునేంత పెద్ద పరీక్ష కాదిది. ఆ మాటకొస్తే పరీక్ష అక్కర్లేకుండానే నాకు తట్టాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఎమ్మారై యంత్రమే ఒక మహా అయస్కాంతం. దాని బలం మామూలుగా 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత అది) ఉంటుంది, ఈ బిళ్ళలు దాని ముందు ఏ మూలకి? అందులో అరగంట పడుకున్నాను. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుములా అయస్కాంతానికి లాగబడేదే అయితే ఆ యంత్రంలోంచి ఎవరూ ప్రాణాలతో బయటికి రారు. ఆ రాత్రి నాకు తొమ్మిది మార్కులొచ్చాయని ముందే చెప్పాను.

ఈ లెక్కలు చెబితే బావ ఊరుకోలేదు. "మరి నీ ఇంగ్లీషు మందుల్ని ఇలాగే పరీక్షించావా?" అన్నాడు. మంచి ప్రశ్న. నేను పరీక్షించలేదు గానీ వేరేవాళ్ళు పరీక్షించారు. 2014లో ఆస్ట్రేలియాలో, కొత్తగా నడుం పట్టేసిన పదహారు వందల మంది పైచిలుకు మీద పారాసెటమాల్‌ని ఉత్తుత్తి మాత్రతో పోల్చారు. కోలుకోవడానికి పారాసెటమాల్ వాడినవాళ్ళకి 17 రోజులు, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళకి 16 రోజులు పట్టింది. అరిగిన మోకాళ్ళకి గొట్టం పెట్టి లోపల శుభ్రం చేసే ఆపరేషన్ని కూడా వదల్లేదు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిలో కొందరికి నిజం ఆపరేషన్, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్లు మాత్రం వేశారు. రెండేళ్ళు చూసినా తేడా లేదు. ఇది విని బావ తెగ సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను, కారణం వేరు. తమ మందు ఓడిపోయిందని తామే అచ్చేసుకున్నారు కదా. నా గోధుమరంగు మాత్రలాయన అలాంటి కాగితం ఒక్కటి చూపిస్తే అతని దగ్గరికి మళ్ళీ వెళ్తాను.

ఇప్పుడు నొప్పి రెండు, మూడు. అప్పుడప్పుడు ఆరు. రోజూ నడుస్తున్నాను, ఆ ఫిజియో కుర్రాడు మొదటి రోజు చెప్పి నేను పది నెలలు పక్కన పెట్టిన వ్యాయామాలు చేస్తున్నాను, వంగి సాక్సులు తొడుక్కుంటున్నాను. వీటివల్లే తగ్గిందని ప్రమాణం చేయమంటే చేయలేను. పద్నాలుగు నెలలు గడిచాయి కదా, అదంతట అదే తగ్గి ఉండొచ్చు. ఆరు వచ్చిన రోజు మాత్రం కొత్తగా ఏదీ మొదలుపెట్టను. నాలుగు రోజులు ఆగుతాను. ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి వ్యాయామాలు ఎగ్గొట్టిన సంగతి ఒప్పుకుంటే, "తెలుసండీ, పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది" అన్నాడు.

మొన్న మా అమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఎవరో ఏదో నూనె చెప్పారట, రాసుకోవచ్చా అని అడిగింది. పైన రాసుకునేది ఏదైనా రాసుకో, మర్దన చేస్తే హాయిగానే ఉంటుంది, నోట్లో వేసుకునేది మాత్రం నాకు చూపించకుండా వేసుకోకు అన్నాను. వెళ్ళి ఒక కొత్త నోటుపుస్తకం తెచ్చి, గీతలు కొట్టి, పైన తేదీ వేసి పక్కన కూర్చున్నాను.

"ఎందుకురా ఇది?"

"నూనె మొదలుపెట్టకముందు రాసుకోవాలమ్మా. ఇప్పుడు నొప్పి పదికి ఎన్ని?"

అమ్మ మోకాలు ఒకసారి నిమురుకుని, బాగా ఆలోచించి, "పదకొండు" అంది.